బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత మళ్ళీ ఆఫీసుకు, మళ్ళీ మామూలు జీవితానికి: ఎప్పుడు, ఎలా

ఆపరేషన్ అయిన పదకొండో రోజున నేను ఆఫీసుకు వెళ్ళిపోయాను. కుట్లు ఆరాయి, నొప్పి లేదు, ఇంట్లో కూర్చుంటే తోచడం లేదు. వెళ్ళిన మూడో రోజు సాయంత్రం అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల మీద కళ్ళు తిరిగాయి. రెయిలింగ్ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఎవరో ఒకావిడ పరిగెత్తుకొచ్చి నీళ్ళ సీసా చేతిలో పెట్టింది. దాహంతో గటగటా తాగబోయాను. రెండో గుటకకే ఛాతీ మధ్యలో రాయి అడ్డం పడ్డట్టు పట్టేసింది.

ఆ రాత్రి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. పై బీపీ 90కి పడిపోయింది. పొద్దున్నుంచి ఎన్ని నీళ్ళు తాగారని డ్యూటీ డాక్టర్ అడిగితే లెక్క వేసుకున్నాను. మహా అయితే 300 మిల్లీలీటర్లు. మార్చి చివరి ఎండలు. దానికి తోడు, ఇంట్లో రోజూ బీపీ చూసి రాసుకోమని డిశ్చార్జ్ కాగితంలో ఉన్నా నేను చూడలేదు. పాత మోతాదు మాత్రే వేసుకుంటూ వచ్చాను.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఈ రెండేళ్ళలో ఆపరేషన్ చేయించుకున్న చాలామందితో మాట్లాడాను. దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "ఎన్ని రోజులకు పనికి వెళ్ళొచ్చు?" రోజుల లెక్క చెబుతాను కానీ, అంతకంటే ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది. ఇంటి బయట ఉన్నప్పుడు కూడా రోజుకు సరిపడా నీళ్ళు, ప్రోటీన్ లోపలికి పంపగలుగుతున్నారా? అది చేతనైన రోజే మీరు పనికి సిద్ధమైనట్టు. కుట్లు అంతకు ముందే మానిపోతాయి, వాటిని చూసి మోసపోకండి.

నాది స్లీవ్ ఆపరేషన్. కడుపులో దాదాపు 75 నుంచి 80 శాతం తీసేసి అరటిపండు ఆకారంలో గొట్టంలా మిగులుస్తారు. బైపాస్‌లో అయితే చిన్న సంచిలా చేసి దాన్ని నేరుగా పేగుకు కలుపుతారు. కింద చెప్పేవి రెంటికీ చాలావరకు వర్తిస్తాయి, తేడా ఉన్నచోట చెబుతాను. మీ సర్జన్ ఇచ్చిన కాగితంలో వేరేగా ఉంటే ఆ కాగితమే ప్రమాణం.

మొదట సెలవు సంగతి తేల్చుకోండి

కూర్చుని చేసే పనైతే రెండు నుంచి మూడు వారాలు. రోజంతా నిలబడి మాట్లాడే టీచర్లు, షాపుల్లో పనిచేసేవాళ్ళు, బ్యూటీషియన్లు మూడు నుంచి నాలుగు వారాలు పెట్టుకుంటే నయం. బరువులు ఎత్తే పని, డెలివరీ పని, ఆటో నడపడం లాంటివాటికి నాలుగు నుంచి ఆరు వారాలు, అదీ సర్జన్ సరేనన్నాకే. కీహోల్ (ల్యాపరోస్కోపిక్) ఆపరేషనే కదా, పైన చిన్న చిన్న గాట్లే కదా అనుకుంటాం. లోపల కడుపును నిలువునా కోసి కుట్టిన గీత పొడవుగా ఉంటుంది. అది గట్టిపడాలి.

సెలవు అడిగేటప్పుడు వారం అడిగి తర్వాత పొడిగించడం కంటే మొదటే మూడు వారాలు అడగండి. బాగుంటే ముందే వెళ్ళొచ్చు. వీలుంటే మొదటి వారం సగం రోజులు గానీ, ఇంటి నుంచి పని గానీ పెట్టించుకోండి. సోమవారం కాకుండా బుధవారమో గురువారమో మొదలుపెడితే రెండు మూడు రోజులకే వారాంతపు సెలవు వస్తుంది. నేను రెండోసారి వెళ్ళినప్పుడు గురువారం వెళ్ళాను, ఆ తేడా ఒంటికి తెలిసింది.

డిశ్చార్జ్ రోజునే మెడికల్ సర్టిఫికెట్ తీసుకోండి. ఆపరేషన్ పేరు రాయించుకోవడం ఇష్టం లేకపోతే, ఎంతవరకు రాయవచ్చో డాక్టర్‌నే అడగండి. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకు, చందా రోజుల నిబంధన సరిపోతే, జబ్బు సెలవు కింద ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. అందుకు సర్టిఫికెట్లు ఈఎస్ఐ డిస్పెన్సరీ ద్వారా వెళ్ళాలి కాబట్టి ఆ పని ఆలస్యం చేయవద్దు.

వెళ్ళడానికి వారం ముందు: ఇంట్లోనే ఆఫీసు

ఇది నాకెవరూ చెప్పలేదు, దెబ్బ తిన్నాక నేనే మొదలుపెట్టాను. ఇప్పుడు అడిగిన ప్రతివాళ్ళకూ చెబుతున్నాను. వెళ్ళబోయే వారం ముందు ఐదు రోజులు ఇంట్లోనే ఆఫీసు టైం ప్రకారం బతకండి. అదే గంటకు లేవడం, స్నానం, బాక్సు కట్టుకోవడం, తొమ్మిదిన్నరకు కుర్చీలో కూర్చోవడం, ఆ బాక్సులోదే తినడం, ఆరింటికి లేవడం. వంటింట్లోకి వెళ్ళి ఇది కొంచెం అది కొంచెం తీసుకోవడం లేదు. రోజు చివర మూడు అంకెలు కాగితం మీద రాయండి: నీళ్ళెన్ని, ప్రోటీన్ ఎంత, నడక ఎంతసేపు.

నీళ్ళు, మజ్జిగ, పల్చటి చారు అన్నీ కలిపి కనీసం లీటరున్నర రావాలి. ఎండాకాలంలో రెండు లీటర్ల దాకా వెళ్ళాలి. ప్రోటీన్ 60 నుంచి 80 గ్రాములు, మీ డైటీషియన్ మీకు చెప్పిన అంకె ఏదైతే అది. నడక ఒక్కసారే కాకుండా పది పదిహేను నిమిషాల చొప్పున మూడు నాలుగు సార్లు. ఈ మూడూ వరుసగా మూడు రోజులు కుదిరితే బయలుదేరండి. కుదరకపోతే ఇంకో వారం ఆగండి. ఆఫీసులో కుదురుతుందిలే అనుకోవద్దు, ఇంట్లో కుదరనిది అక్కడ అసలే కుదరదు.

నీళ్ళ లెక్క ఇలా వేసుకున్నాను. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు ఉంటుంది కదా, పది మిల్లీలీటర్ల గీత ఉన్నది. దానితో మూడుసార్లు కొలిచి స్టీలు టీ గ్లాసులో పోశాను. గ్లాసు అడుగు మాత్రం తడిసింది. అది రెండు గుటకలు. ప్రతి పదిహేను నిమిషాలకు ఆ రెండు గుటకలు తాగితే గంటకు 120 మిల్లీలీటర్లు. పొద్దున ఆరున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా పదమూడు గంటలకు లీటరున్నర దాటుతుంది. ఒక్కో గంట చేజారితే 120 పోయినట్టే. తర్వాత ఒకేసారి తాగి పూడ్చుకోలేం, ఆ గొట్టంలో చోటు ఉండదు. మెట్ల మీద నాకు జరిగింది అదే.

ఫోనులో పదిహేను నిమిషాలకొకసారి వైబ్రేట్ అయ్యేలా పెట్టుకోండి. దాహం వేస్తుందిలే, ఆకలేస్తుందిలే అని ఆగకండి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది స్లీవ్‌లో తీసేసే కడుపు పైభాగంలోనే. అందుకే మొదటి నెలల్లో ఆకలి తెలియదు. గడియారం చూసి తినాలి, గడియారం చూసి తాగాలి.

ఏ వారం ఏం తినాలి, మన వంటల్లో

డైటీషియన్లు ఇచ్చే పట్టికల్లో సూప్, ప్యూరీ అని ఉంటుంది. అవి మన వంటింట్లో ఏవో తెలిస్తే బెంగ ఉండదు.

మొదటి ఒకటి రెండు రోజులు నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, వడగట్టిన చారు. తర్వాత రెండు వారాల దాకా గొంతులో జారేవి మాత్రమే: పప్పు మీద తేరిన కట్టు, పల్చటి మజ్జిగ, రాగి జావ, ప్రోటీన్ పొడి కలిపిన పాలు, వడగట్టిన చికెన్ లేదా కూరగాయల రసం. పాలు పడక కడుపు ఉబ్బితే మజ్జిగ, పెరుగు వైపు వెళ్ళండి. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా రుబ్బినవి: పెసరపప్పు మెదిపి, పెరుగు, మెత్తగా చిదిమిన ఉడికిన గుడ్డు, సొరకాయ లేదా బీరకాయ మిక్సీలో వేసి. ఐదు, ఆరు వారాల్లో చెంచాతో నొక్కితే విరిగేవి: సాంబారులో నానిన ఇడ్లీ, పనీర్ తురుము, చికెన్ ఖీమా, పులుసులో చేప. చేపలో కొరమీను మేలు, ముళ్ళ బెడద తక్కువ. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మామూలు భోజనంలోకి, ఒక్కో పదార్థం విడివిడిగా పరీక్షించుకుంటూ. కారం, పులుపు సగానికి తగ్గించండి. ఆవకాయకు తొందరేమీ లేదు.

అన్నం, చపాతీ, బ్రెడ్డు చాలామందికి చాలాకాలం పడవు. అన్నం ముద్ద లోపల ఉబ్బి అతుక్కుపోయినట్టు ఉంటుంది. తెలుగువాళ్ళకు కష్టం అనిపించేది ఇదే, అన్నం తినకపోతే భోజనం చేసినట్టు ఉండదు. నేను చేసే పద్ధతి: ముందు గుడ్డో పనీరో పప్పో, తర్వాత కూర, చోటు మిగిలితే చివర రెండు చెంచాల పెరుగన్నం. చాలా రోజులు చోటు మిగలదు. అలా మిగలకపోవడం తప్పేమీ కాదు.

నా మొదటి ఇడ్లీ గుర్తుంది. ఆరో వారం, ఆదివారం. సగం ఇడ్లీని సాంబారు గిన్నెలో ఇరవై నిమిషాలు నాననిచ్చాను. పాపాయికి పెట్టే చెంచా తీసుకున్నాను. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, చెంచా కింద పెట్టేసి, నమిలి నమిలి నీళ్ళలా అయ్యాక మింగి, ఒక నిమిషం ఆగడం. నాలుగో చెంచాకు ముక్కు కారడం మొదలైంది. ఆవలింత వచ్చింది. ఐదో చెంచా పెట్టుకోబోయి ఆగాను. డైటీషియన్ చెప్పిన గుర్తు అదే: చాలామందికి కడుపు నిండినట్టు తెలిసేది కడుపులో కాదు, ముక్కు కారడం, ఎక్కిళ్ళు, తేన్పు, రొమ్ము ఎముక వెనక బరువు, వీటిలో. మీ గుర్తు ఏదో మొదటి నెలలోనే కనిపెట్టుకోండి. ఆ గుర్తు తర్వాత ఒక్క చెంచా పెట్టుకున్నా అది బయటికే వస్తుంది. ఆ సగం ఇడ్లీకి అరగంట పట్టింది.

గట్టి తిండి మొదలయ్యాక, భోజనానికి అరగంట ముందు నుంచి తిన్నాక అరగంట దాకా నీళ్ళు తాగవద్దు, పదిహేను నిమిషాల గుటకలు మిగతా సమయంలోనే. సోడాలు, కూల్ డ్రింకులు, స్ట్రాతో తాగడం వద్దు. బైపాస్ అయినవాళ్ళు తీపి విషయంలో మరీ జాగ్రత్త. ఒక గులాబ్ జామూన్‌కే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టి విరేచనం కావచ్చు. దాన్నే డంపింగ్ అంటారు. ఆఫీసులో పుట్టినరోజు కేకు ముక్క తిని అరగంటకు బాత్రూమ్‌లో కూర్చుండిపోయిన వాళ్ళు నాకు తెలుసు.

దారి: మెట్రో, బస్సు, స్కూటీ

మా ఇల్లు ఉప్పల్, ఆఫీసు అమీర్‌పేట. ఒకటే నీలం లైను, రైలు మారక్కర్లేదు. అయినా మొదటి నెల తొమ్మిదిన్నర రద్దీలో ఎక్కవద్దనే చెబుతాను. జనం తోసుకుంటే మోచేయి నేరుగా గాట్ల మీద తగులుతుంది. ఎనిమిదింటికి ముందే వెళ్ళి, ఐదింటికి బయలుదేరడానికి అడగండి. బ్యాగు వీపుకు కాకుండా ముందు వైపు, పొట్టకు అడ్డంగా వేసుకోండి, బరువు మాత్రం తక్కువ ఉండాలి. అడిగితే సీటు ఇస్తారు. "కడుపు ఆపరేషన్ అయింది, కూర్చోనివ్వండి" అంటే లేవనివాళ్ళు నాకు తగల్లేదు. మెట్లు వద్దు, లిఫ్టు వాడండి.

స్కూటీ, బైకు కనీసం మూడు నాలుగు వారాలు పక్కన పెట్టండి. మన గల్లీల్లో స్పీడ్ బ్రేకర్లు, తవ్విన రోడ్లు ఎలా ఉంటాయో తెలుసు. సెంటర్ స్టాండ్ వేయడం మరీ ప్రమాదం, బరువంతా పొట్ట కండరాల మీదే పడుతుంది. కారైతే, మత్తు కలిగించే నొప్పి మాత్రలు పూర్తిగా మానేశాక, ఒక్కసారిగా బ్రేకు తొక్కినా నొప్పి రాదని ఆగి ఉన్న కారులో పరీక్షించుకున్నాక నడపండి. సీటు బెల్టుకూ గాట్లకూ మధ్య చిన్న తువ్వాలు మడత పెట్టుకుంటే ఒరుసుకోదు.

దూర ప్రయాణాలు, ఊరికి రాత్రి బస్సులు మొదటి నెల వద్దు. ఎక్కువసేపు కాళ్ళు కదలకపోతే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆపరేషన్ తర్వాతి వారాల్లో ఎక్కువ. ఆఫీసు కుర్చీలో కూడా అంతే, గంటకొకసారి లేవండి.

ఆఫీసులో ఒక రోజు

ఎవరికి ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. నా సలహా: పై అధికారికి, పక్క సీటువాళ్ళకు ఇంత చాలు. "కడుపు ఆపరేషన్ అయింది. రెండు నెలలు కొద్దికొద్దిగా తినాలి, మాటిమాటికీ నీళ్ళు తాగాలి, పావుగంట ఎక్కువ లంచ్ కావాలి." అబద్ధం లేదు, వివరం లేదు. పక్క సీటు ఆవిడకు మాత్రం ఇంకొకటి చెప్పాను: నాకు కళ్ళు తిరిగితే నీళ్ళు గటగటా తాగించవద్దు, మా ఆయనకు ఫోన్ చేయి అని. నంబరు చీటీ మీద రాసి ఇచ్చాను.

రెండు నెలలు దాటాక నా రోజు ఇలా నడిచింది. పొద్దున ఒక ఉడికిన గుడ్డు, కాసేపాగి 150 మిల్లీలీటర్ల పాలల్లో సగం స్కూపు ప్రోటీన్ పొడి, కలిపి దాదాపు 23 గ్రాములు. పదకొండింటికి చిన్న డబ్బాలో 100 గ్రాముల పెరుగు, 3 గ్రాములు. మధ్యాహ్నం 50 గ్రాముల పనీర్, సగం కటోరీ గట్టి పప్పు, 13. నాలుగున్నరకు మళ్ళీ పాలు, మిగతా సగం స్కూపు, 17. రాత్రి 60 గ్రాముల చేప, 12. మొత్తం 68. శాకాహారులు గుడ్డు, చేపల చోట పనీర్, మీల్ మేకర్, పెసరట్టు, శనగలు పెట్టుకోవచ్చు. కానీ పప్పులతోనే 60 దాటించడం కష్టం, కాబట్టి పొడి కొన్నాళ్ళు తప్పదు. పాలు, ప్రోటీన్ పొడి కలిపే షేకర్ సీసా వేరు, నీళ్ళ సీసా వేరు ఉంచుకోండి.

ఇరానీ చాయ్ దగ్గర అందరితో నిలబడే అలవాటు నాకు చాలా ఇష్టం, దాన్ని వదులుకోలేదు. మొదటి నెల కెఫీన్ ఆపమన్నారు కాబట్టి ఫ్లాస్కులో గోరువెచ్చని చారు పట్టుకెళ్ళాను. తర్వాత చక్కెర లేని చాయ్ కొంచెం. ఉస్మానియా బిస్కెట్ మాత్రం మొదటి ఆరు నెలలు ముట్టలేదు. గొంతులో హాయిగా జారిపోయే తీపి, వెన్న సరుకు ఎంత తిన్నా కడుపు నిండదు, బరువు ఆగిపోయేది ఇలాంటివాటి దగ్గరే.

లంచ్ గంటలో ముప్పై నిమిషాలు తినడానికే పోతాయి. మాట్లాడుతూ తింటే నమలడం మరిచిపోతాం. మొదటి రెండు వారాలు ఒంటరిగా తిని, ఆ తర్వాత అందరి దగ్గరా కూర్చోవడం మంచిది. గ్యాస్, కడుపులో గుడగుడ శబ్దాలు మామూలే, నడిస్తే తగ్గుతాయి. మలబద్ధకం నీళ్ళు తగ్గాయనడానికి మొదటి గుర్తు.

ఇంటి పని

ఆడవాళ్ళకు అసలు ప్రమాదం ఆఫీసులో కాదు, ఇంట్లోనే. నాలుగు నుంచి ఆరు వారాలు ఐదు కిలోలకు మించి ఏదీ ఎత్తవద్దు. దీన్ని ఇంటి సామాన్లలోకి మార్చుకోండి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఇరవై కిలోలు. నిండు సిలిండర్ ముప్పై కిలోల దగ్గర. తడిబట్టల బకెట్టు పది దాటుతుంది. నలుగురికి సరిపడా పప్పు వండిన పెద్ద కుక్కరు ఐదు కిలోలకు అటూ ఇటూ. రెండేళ్ళ పిల్లాడు పది కిలోల పైన. వాడిని ఎత్తుకోవద్దు, మీరు కూర్చుని వాడిని ఒళ్ళోకి ఎక్కనివ్వండి. కింద కూర్చుని కూరగాయలు తరగడం, వంగి ముగ్గు వేయడం నెల తర్వాతే.

ఈ జాబితాను మాటల్లో చెబితే ఎవరికీ గుర్తుండదు. రాసి ఫ్రిజ్ మీద అతికించండి, పక్కన ఎవరు చేయాలో పేరు కూడా రాయండి. మా ఇంట్లో అలా రాశాకే నీళ్ళ క్యాను మా అబ్బాయి పని అయింది, ఇప్పటికీ వాడిదే.

నడకకు నేను సాయంత్రాలు ఉప్పల్ రింగ్ రోడ్డు స్కైవాక్ ఎక్కేదాన్ని. లిఫ్టు ఉంది, కింద ట్రాఫిక్ తగలదు. మీకు కాలనీ పార్కు ఉన్నా, ఇందిరా పార్కు, కేబీఆర్ పార్కు దగ్గరైనా అంతే. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత డాక్టర్ ఒప్పుకుంటే తేలికపాటి బరువులతో వ్యాయామం మొదలుపెట్టండి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది.

మాత్రలు: ఇక్కడ పొరపాటు చేయవద్దు

షుగరు, బీపీ మాత్రలు పాత మోతాదులో కొనసాగిస్తే ప్రమాదం. తిండి తగ్గింది, బరువు తగ్గుతోంది, షుగరు కొందరికి మొదటి రోజుల్లోనే పడిపోతుంది. ఇంట్లో రోజూ చూసి రాసి, ఆ అంకెలు డాక్టర్‌కు పంపి మోతాదు మార్పించుకోండి. సొంతంగా ఆపవద్దు, సొంతంగా కొనసాగించవద్దు. నెమ్మదిగా కరిగే రకం మాత్రలను పొడి చేసి వేసుకోకూడదు, ఏవి పొడి చేయవచ్చో అడిగి తెలుసుకోండి.

విటమిన్లు జీవితాంతం. మల్టీవిటమిన్, బి12, విటమిన్ డి, కాల్షియం సిట్రేట్, చాలామందికి ఐరన్. కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒక్కసారికి 500 నుంచి 600 మించితే ఒంటికి పట్టదు కాబట్టి విడదీసి వేసుకోవాలి. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య కనీసం రెండు గంటలు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు దానికీ ఈ రెంటికీ మధ్య నాలుగు గంటలు. ఐరన్‌తో పాటు చాయ్ తాగితే మాత్ర వృథా.

నడుము నొప్పి అని మెడికల్ షాపులో అడిగితే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి చేతిలో పెడతారు. ఇవి కడుపులో పుండు చేస్తాయి, బైపాస్ అయినవాళ్ళకు మరీ ప్రమాదం. పారాసెటమాల్ అడగండి. పంటి డాక్టర్‌కైనా, ఎముకల డాక్టర్‌కైనా మొదటి మాటే ఆపరేషన్ సంగతి చెప్పండి. పొగ మానాలి. మద్యం ఒంట్లోకి మునుపటి కంటే వేగంగా ఎక్కుతుంది, రెండు పెగ్గులే కదా అని బండి నడిపితే ప్రాణం మీదికి వస్తుంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన గుర్తులు ఇవి: 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, కూర్చున్నా నిమిషానికి 120 దాటే గుండె వేగం, పెరుగుతూ పోయే కడుపు నొప్పి, ఎడమ భుజంలో కొత్తగా నొప్పి, ఆయాసం, ఒక కాలు పిక్క వాచి నొప్పెట్టడం, నల్లటి మలం, గుటక నీళ్ళు కూడా నిలవకుండా వాంతులు. ఆయాసం, గుండె దడ ఉంటే 108కి ఫోన్ చేయండి. వాంతులు రోజుల తరబడి సాగితే విటమిన్ బి1 అడుగంటి నరాలు, చూపు, నడక దెబ్బతింటాయి. అది పోయాక పూర్తిగా తిరిగి రాకపోవచ్చు, అందుకే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు.

పెళ్ళిళ్ళు, పండుగలు, మాటలు

మన దగ్గర ప్రేమంతా విస్తరిలోనే వడ్డిస్తారు. "ఏందిది బిడ్డా, పిట్ట తిన్నట్టు తింటున్నవ్, ఇంకొక్క ముద్ద" అని మా అత్తయ్య మొదటి బోనాలప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాదించి లాభం లేదని అర్థమై, తర్వాతి ఫాలో-అప్‌కు ఆమెను నాతో తీసుకెళ్ళాను. కడుపు ఎంత మిగిలిందో డాక్టర్ బొమ్మ గీసి చూపించారు. ఆ రోజు నుంచి ఆమే చుట్టాలకు చెప్పడం మొదలుపెట్టింది: "దానికి పెట్టకుండ్రి, పడదు." ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్కసారైనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

పెళ్ళికి వెళ్ళేముందు ఇంట్లో ప్రోటీన్ తాగి వెళ్ళండి. బంతిలో కూర్చోకుండా బఫే వైపు వెళ్ళి, చిన్న ప్లేటులో రెండు చికెన్ లేదా పనీర్ ముక్కలు, రైతా పెట్టుకుని తిరగండి. చేతిలో ప్లేటు ఉంటే ఎవరూ బలవంతం చేయరు. బిర్యానీలో అన్నం వదిలి ముక్క తినడం మూడు నెలల తర్వాత చాలామందికి కుదురుతుంది. రంజాన్ నెలలో హలీం మెత్తగా ఉంటుంది, మాంసం, పప్పు ఉంటాయి, కానీ నెయ్యి ఎక్కువ కాబట్టి రెండు మూడు చెంచాలతో ఆపాలి. రోజాలు, ఏకాదశి, నిర్జల ఉపవాసాలు మాత్రం సర్జన్‌ను అడగకుండా పట్టవద్దు. నీళ్ళు లేని పన్నెండు గంటలను పూడ్చుకునే చోటు మన కడుపులో లేదు.

మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది. దువ్వెన చూసి ఏడుపొస్తుంది. చాలామందికి తొమ్మిది నెలల నుంచి ఏడాదిలోపు తిరిగి వస్తుంది, ప్రోటీన్, ఐరన్, జింక్ సరిగా ఉంటే. మొదటి నెలలోనే బరువు రెండు మూడు వారాలు ఆగిపోవచ్చు, అదీ మామూలే. వారానికొక్కసారే తూచుకోండి. పీసీఓడీ వల్ల పిల్లలు కలగనివాళ్ళకు బరువు తగ్గగానే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. 12 నుంచి 18 నెలలు గర్భం వద్దంటారు కాబట్టి జాగ్రత్త ముందే తీసుకోండి. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడవద్దు, వేరే పద్ధతి అడగండి.

"డబ్బు పెట్టి సన్నబడింది" అనేవాళ్ళు ఉంటారు. నన్ను అన్నారు. ఊబకాయం జబ్బు, దానికి చేయించుకున్నది వైద్యం. ఈ మాట అనుకోవడానికి నాకే ఏడాది పట్టింది. దిగులు రోజుల తరబడి వదలకపోతే, ఇదివరకు తిండితో పోగొట్టుకున్న బాధకు ఇప్పుడు దారి లేదనిపిస్తే, సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. ఆసుపత్రుల్లో చాలా బేరియాట్రిక్ (బరువు తగ్గే ఆపరేషన్ల) విభాగాల్లో ఉంటారు. మొదటి ఫాలో-అప్‌లోనే అడగండి.

రక్త పరీక్షలు మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏడాదికొకసారి: హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), బి12, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, లివర్, కిడ్నీ, షుగరు. నేను ప్రతి మార్చి మొదటి వారంలో ఇస్తాను, ఆపరేషన్ అయిన నెల కాబట్టి మరిచిపోను. నిరుడు ఫెర్రిటిన్ తగ్గింది. ఏం మారిందని డాక్టర్ అడిగితే ఆలోచించాను. ఆఫీసు టైం మారాక ఐరన్ మాత్ర నాలుగింటి చాయ్ దగ్గరికి జరిగింది. ఇప్పుడు రాత్రి పడుకునేముందు వేసుకుంటున్నాను. ఈ మార్చి రిపోర్టులో అంకె మళ్ళీ పైకి వచ్చింది.